సినిమా చూశాక ఏదో పోయినట్టుంది

ప్రశ్న: మేడం, హ్యారీ పోటర్ మూడో పుస్తకం స్కూల్ రోజుల్లో ఎన్నిసార్లు చదివానో లెక్కే లేదు, మొన్న మా పాపతో కలిసి దాని సినిమా చూశాను, పాపకి తెగ నచ్చేసింది, నాకేమో ఏదో పోగొట్టుకున్నట్టుంది. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అస్సలు కాదండీ. 2004లో అల్ఫాన్సో క్వారోన్ తీసిన ఆ సినిమా నా దృష్టిలో ఆ సిరీస్ మొత్తానికే బెస్ట్, ట్రైన్‌లోకి డిమెంటార్ (మనుషుల్లోని సంతోషాన్ని పీల్చేసే భూతం) వచ్చే ముందు కిటికీ అద్దం మీద మంచు పాకే సీన్ అయితే ఇప్పటికీ భయమేస్తుంది నాకు, అయినా సరే మీ బాధ కరెక్టే. హ్యారీ చేతికొచ్చే ఆ మాయా మ్యాప్ సంగతే చూడండి, స్కూల్ ఉన్న కోటలో ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో అడుగుల గుర్తులతో సహా చూపిస్తుంది కదా, దాన్ని తయారుచేసిన నలుగురు ఫ్రెండ్స్ ఎవరో, అందులో ఒకడు హ్యారీ వాళ్ల నాన్నేనని, ఆయన జింకగా మారేవాడని సినిమా చెప్పనే చెప్పదు. పుస్తకంలో ఆ సంగతి ఉంది కాబట్టే సరస్సు దగ్గర డిమెంటార్లని తరిమే హ్యారీ మంత్రంలోంచి వెండి జింక వచ్చినప్పుడు ఒళ్లు ఝల్లుమంటుంది, సినిమాలో అది అందమైన వెలుగు, అంతే. రెండు గంటల్లో అన్నీ పట్టవు, నిజమే, కానీ ఈ ముక్కకి రెండు నిమిషాలు చాలు కదా!

పాపతో మాత్రం సినిమా బాలేదని అనకండి ప్లీజ్. రాత్రి పడుకునేటప్పుడు ఆ నలుగురి కథ మీరే చెప్పండి, తర్వాత ఆ సరస్సు సీన్ ఒక్కటీ మళ్లీ పెట్టి చూపించండి, పుస్తకం తనే అడుగుతుంది.