రేపటి సంగతి తెలియనప్పుడు ముందు నడవడం ఎలా?

ప్రశ్న: నేను ఒక సంస్థలో 18 మంది పనిచేసే విభాగాన్ని చూసుకుంటున్నాను. మా సంస్థను మరొకరు కొనబోతున్నారన్న మాట కొన్ని నెలలుగా వినిపిస్తోంది. పైవాళ్లు నాకు ఏమీ చెప్పడం లేదు కానీ, మీవాళ్లకు ధైర్యం చెబుతూ ఉండండి అని మాత్రం అంటున్నారు. అడిగిన వాళ్లందరికీ ‘అంతా బాగానే ఉంటుంది’ అని చెబుతున్నాను. ఆ మాట మీద నాకే నమ్మకం లేదు. మా విభాగమే ఉంటుందో లేదో తెలియని పరిస్థితిలో, పనికొక ధ్యేయం ఉందని నా వాళ్లతో ఏ ముఖంతో మాట్లాడను?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: ముందుగా, ‘అంతా బాగానే ఉంటుంది’ అనడం ఈ రోజే మానేయండి. ఆ మాటకు ఆధారం లేదని మీకు తెలిసినట్టే ఆ 18 మందికీ తెలుసు. ఈ విషయంలో వాళ్లు మీ మాటను లెక్కచేయకపోవడం అంత పెద్ద నష్టం కాదు, కానీ రేపు మీరు నిజంగా తెలుసుకుని చెప్పే మాటను కూడా ఇదే త్రాసులో తూచడం మొదలుపెడతారు.

తెలియని దానిని మూసిపెడితే మనుషులు కుదుటపడతారన్నది పై అధికారుల్లో చాలామందికి ఉన్న భ్రమ. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక ప్రయోగం దీనికి విరుద్ధంగా చెబుతోంది. అందులో పాల్గొన్నవాళ్ల చేతికి స్వల్పమైన విద్యుత్ షాక్ ఇచ్చే ఏర్పాటు చేసి, షాక్ తగిలే అవకాశాన్ని మారుస్తూ వాళ్ల శరీరంలో ఒత్తిడిని కొలిచారు. షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, తగులుతుందో లేదో సగానికి సగం అన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. కాబట్టి చెడు వార్త చెప్పకుండా దాచడం దయ అనుకోవడానికి వీల్లేదు. మీకు తెలిసింది ఇదీ, తెలియనిది ఇదీ, మళ్లీ ఫలానా రోజున ఫలానా సమయానికి మాట్లాడతాను అని చెప్పండి. ఆ రోజు కొత్తగా చెప్పడానికి ఏమీ లేకపోయినా సమావేశాన్ని రద్దు చేయకండి. కొత్త విషయం లేదన్న సంగతి కూడా వాళ్లకు అవసరమైన సమాచారమే, పైగా మీరు అన్న సమయానికి వచ్చారన్న ఒక్క నిశ్చయమైనా వాళ్లకు మిగులుతుంది.

ఇక ధ్యేయం సంగతి. మీ ప్రశ్నలో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయని నాకు అనిపిస్తోంది. చేరుకోవాల్సిన చోటు ఒకటి, ఎవరి కోసం, దేని కోసం నడుస్తున్నామన్నది మరొకటి. అనిశ్చితి వచ్చినప్పుడు కూలిపోయేది సాధారణంగా మొదటిదే. రెండోది నిలబడుతుంది, కాకపోతే దాన్ని ఎవరో ఒకరు పట్టుకుని చూపించాలి.

అంటార్కిటికా ఖండాన్ని ఒక వైపు నుంచి మరో వైపుకు దాటాలని 1914లో బయలుదేరిన ఎర్నెస్ట్ షాకిల్టన్ గురించి నాయకత్వం మీద మాట్లాడేవాళ్లు తరచుగా చెబుతారు. అయితే ఆ కథలో సగమే చెబుతారన్నది నా ఫిర్యాదు. 1915 జనవరిలో ఆయన నౌక ఎండ్యూరెన్స్ వెడ్డెల్ సముద్రపు మంచులో ఇరుక్కుపోయింది. అక్టోబరులో మంచు ఒత్తిడికి నలిగిపోతున్న నౌకను అందరూ వదిలేయాల్సి వచ్చింది. నవంబరులో అది మునిగిపోయింది. ఖండాన్ని దాటాలన్న లక్ష్యం దాంతోనే ముగిసింది. ఆ తరువాత ఆయనకు మిగిలిన పని ఒక్కటే, తనతో కలిపి 28 మందినీ ప్రాణాలతో ఇళ్లకు చేర్చడం. ఆ మాటను ఆయన ఉపన్యాసంతో సరిపెట్టలేదు. మంచు మీద మోయడానికి వీలుగా సొంత సామాన్లు తగ్గించుకోవాలని ఆదేశించినప్పుడు, అందరి కంటే ముందు తన బంగారు నాణేలను మంచు మీద పారేశాడు. బరువైనదే అయినా ఒకరి బ్యాంజోను మాత్రం ఉంచమన్నాడు, ఎందుకంటే నెలల తరబడి సాగబోయే ఆ కష్టకాలంలో మనుషులకు సంగీతం అవసరమని ఆయన అంచనా. బంగారం పోయి వాద్యం మిగిలిందంటే, ఇక్కడ దేనికి విలువ ఉందో వేరే చెప్పనక్కర్లేదు. 22 మందిని ఎలిఫెంట్ దీవిలో ఉంచి, అయిదుగురితో కలిసి చిన్న పడవలో 1,300 కిలోమీటర్లకు పైబడిన సముద్రాన్ని దాటి సౌత్ జార్జియా చేరి, చివరకు 1916 ఆగస్టు 30న నాలుగో ప్రయత్నంలో మిగిలినవాళ్లను తీసుకొచ్చాడు. ఆ 28 మందిలో ఒక్కరూ చనిపోలేదు.

సాధారణంగా వదిలేసే సగం ఇది. అదే యాత్రలో మరో బృందం ఖండానికి అవతలి వైపు, రాస్ సముద్రపు తీరంలో ఉంది. షాకిల్టన్ దాటి వస్తే దారిలో ఆయనకు తిండి దొరకాలని వాళ్లు మంచు మీద నిల్వలు పెడుతూ పోయారు. లక్ష్యం రద్దయిందన్న కబురు వాళ్లకు చేరే మార్గం లేదు. ఎవరూ రాని దారిలో నిల్వలు పేర్చిన ఆ బృందంలో ముగ్గురు మరణించారు. ఆనాటి మంచులో కబురు చేరకపోవడం ఎవరి తప్పూ కాదు. కానీ పక్క గదిలో కూర్చున్నవాళ్లకు, మీరు తయారుచేస్తున్న ఈ పని ఇక అవసరం లేదు అన్న మాటను నెలల తరబడి చెప్పకుండా ఉంచే సంస్థలను నేను చూశాను. మీ చేతిలో ఉన్నంత మేరకు ఆ పని మీరు చేయకండి. ఏ పని ఆగిపోయే అవకాశం ఉందో, ఏది ఎలాగైనా ఎవరికో ఉపయోగపడుతుందో విడదీసి చెప్పి, వాళ్ల శ్రమను రెండో దానివైపు మళ్లించండి.

ఆ ఉపయోగాన్ని కళ్లకు కట్టించడం కూడా అవసరమే. విశ్వవిద్యాలయానికి విరాళాలు అడుగుతూ ఫోన్లు చేసే ఉద్యోగులపై అమెరికాలో జరిగిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. ఆ విరాళాలతో ఉపకార వేతనం పొందిన ఒక విద్యార్థిని కొందరు ఉద్యోగులు కొద్ది నిమిషాలు కలిశారు. నెల తరువాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపిన సమయమూ, సేకరించిన సొమ్మూ రెట్టింపుకు మించి పెరిగాయి. అటువంటి విద్యార్థి రాసిన ఉత్తరాన్ని చదివి ఊరుకున్నవాళ్లలో మార్పు కనిపించలేదు. గోడ మీద వేలాడదీసిన ధ్యేయవాక్యాలు ఎందుకు పనిచేయవో దీన్నిబట్టి ఊహించవచ్చు. మీ విభాగం చేసే పని చివరికి ఎవరి చేతికి అందుతుందో ఆ మనిషిని ఒకసారి పిలిపించి మీవాళ్ల ఎదుట కూర్చోబెట్టండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ధ్యేయం పేరు చెప్పి విధేయత కోరకండి. జీతం మీద అనుమానం ఉన్న మనిషి వేరే ఉద్యోగం వెతుక్కుంటే అది ద్రోహం కాదు, వీలైతే మంచి సిఫారసు లేఖ రాసివ్వండి. విచిత్రంగా అనిపించవచ్చు కానీ, వెళ్లే స్వేచ్ఛ ఇచ్చిన నాయకుడి దగ్గరే మనుషులు ఎక్కువ కాలం మనసు పెట్టి పనిచేస్తారని నా అభిప్రాయం.

ప్రశ్న: ప్రమాద సమయంలో ఒకరు ఆజ్ఞాపించాలి, మిగిలినవాళ్లు పాటించాలి. అందరికీ కారణాలు వివరిస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోదా?
— ఒక స్వచ్ఛంద సహాయక బృందం బాధ్యుడు

జవాబు: ప్రమాదం మీద పడిన క్షణంలో మీరన్నది నిజమే. అయితే ఆ క్షణంలో మీ ఆజ్ఞ చెల్లుతుందా లేదా అన్నది అంతకు ముందు మీరు మాట్లాడిన మాటలను బట్టి ఉంటుంది. 1949 ఆగస్టు 5న అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, మ్యాన్ గల్చ్ అనే లోయలో కార్చిచ్చును ఆర్పడానికి 15 మంది పారాచూట్లతో దిగారు. అక్కడ ఒక అటవీ రక్షకుడు వాళ్లతో కలిశాడు. మంటలు అనుకోని విధంగా దిశ మార్చి వెంటబడినప్పుడు, నాయకుడు వాగ్ డాడ్జ్ పరికరాలు పారేయమని అరిచి, తానే ఎదుటి గడ్డికి నిప్పు పెట్టి, కాలిపోయిన ఆ నేల మీదికి వచ్చి పడుకోమన్నాడు. గడ్డి ముందే కాలిపోయిన చోట మంటకు మేత ఉండదు. ఆయన ఆలోచన సరైనదే. ఆయన బతికాడు కూడా. కానీ అటువంటి ఉపాయాన్ని మిగిలినవాళ్లు ఎన్నడూ విని ఉండలేదు. మంటల నుంచి పారిపోతున్న వాళ్లకు నాయకుడు ఎదురుగా మరో మంట పెట్టడం పిచ్చిగా కనిపించింది. ఒక్కరూ ఆగలేదు. ఇద్దరు కొండ శిఖరం దాటి బయటపడ్డారు, 13 మంది మరణించారు.

సంస్థల ప్రవర్తనను అధ్యయనం చేసిన కార్ల్ వీక్ 1993లో ఈ దుర్ఘటనను విశ్లేషిస్తూ, అక్కడ అందరికీ అర్థమయ్యే పరిస్థితే కూలిపోయిందనీ, దాంతో బృందం బృందంగా మిగలలేదనీ చూపించాడు. మీ బృందానికి దీన్ని అన్వయించుకుంటే, తీరిక ఉన్న రోజుల్లోనే ‘ఇలా జరిగితే మీరేం చేస్తారు, నేనేం చెబుతాను, ఎందుకు చెబుతాను’ అని మాట్లాడుకోవాలి. సాధారణ రోజుల్లో కారణాలు చెప్పే అలవాటున్న నాయకుడు, కారణం చెప్పే వ్యవధి లేని రోజున ‘ఇది చేయండి’ అంటే, దాని వెనుక ఏదో కారణం ఉండే ఉంటుందని జనం నమ్ముతారు. అది లేనివాడికి గొంతు ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు.

ప్రశ్న: మా బృందంలో ఒకాయన ప్రతి సమావేశంలోనూ ‘ఇది అయ్యే పని కాదు’ అంటూ మిగిలినవాళ్లను కుంగదీస్తున్నాడు. ఆయన్ను తప్పించాలా?
— ఒక పాఠకుడు

జవాబు: తప్పించే ముందు, ఆయన చెబుతున్నదాంట్లో నిజమెంతో ఒకసారి ఏకాంతంగా కూర్చుని వినండి. పైన చెప్పిన షాకిల్టన్ బృందంలో వడ్రంగి మెక్‌నిష్ మంచు మీద ఒకసారి ఎదురు తిరిగాడు. ఆయన్ను చిన్న పడవలో తనతోపాటే తీసుకువెళ్లాడు షాకిల్టన్. ఆ పడవ అంచులు ఎత్తు చేసి సముద్రానికి తట్టుకునేలా మలిచినవాడు కూడా మెక్‌నిష్‌యే. తిరిగి వచ్చాక పతకాల జాబితా నుంచి ఆయన పేరును షాకిల్టన్ తొలగించాడు. అది మాత్రం అన్యాయమని నేననుకుంటాను.

మీ సహోద్యోగి లోపాలను గుర్తించి చెబుతున్నాడా, లేక ఊరికే నిట్టూరుస్తున్నాడా అన్నది ఒక ప్రశ్నతో తేలిపోతుంది. అవదంటున్న పనిలో ఏ భాగం అవదో రాసి ఇమ్మని అడగండి. రాసిస్తే, దాన్ని సరిదిద్దే బాధ్యత ఆయనకే అప్పగించండి. రాసివ్వకుండా తరువాతి సమావేశంలోనూ అదే పాట ఎత్తుకుంటే, అందరి ఎదుటా కాకుండా విడిగా పిలిచి, ఈ అభ్యంతరాన్ని మళ్లీ చర్చకు తీసుకోనని స్పష్టంగా చెప్పండి.