డిగ్రీలో జర్నలిజం లేదు, రిపోర్టర్ అవ్వాలంటే కాలేజీ మారాలా?

గుంటూరులో బీకాం సెకండియర్, మా కాలేజీలో జర్నలిజం లేదు, మానేసి హైదరాబాద్ వెళ్ళిపోనా అని అడిగావు కదా తమ్ముడూ, వెళ్ళకు. నాదీ గుంటూరే, నాదీ బీకామే, ఇప్పుడు విజయవాడలో ఒక పేపర్ డెస్కులో సబ్ ఎడిటర్‌ని. నా పక్క సీటాయన బోటనీ, ఎదురు సీటావిడ తెలుగు ఎంఏ. నువ్వు ఏ గ్రూపు చదివావని ఇక్కడ నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు, కాపీ, అంటే రాసిన వార్త, ఎన్నింటికి ఇస్తావనే అడుగుతారు.

నేను సెకండియర్‌లో ఉన్నప్పుడు మా రూమ్మేట్ వాళ్ళ నాన్న మిర్చి తెచ్చారంటే ఆయనతో పాటు గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళా. పొద్దున్నే టిక్కీ, అదే మిర్చి బస్తా, మూతి విప్పి గుమస్తా గుప్పెడు కాయలు తీసి విరిచి చూస్తాడు, తాలు ఎంతుందో రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు, నేనేమో తుమ్ములు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ నోట్‌బుక్‌లో గీకేస్తున్నా. హాస్టల్‌కి వచ్చి ఎర్రబంగారం, రైతు కన్నీరు అంటూ నాలుగు పేజీలు రాసి తెలిసిన సీనియర్ దగ్గరికి పట్టుకెళ్తే ఆయన చదివి ఒక్కచోట గుండ్రంగా చుట్టాడు, "ఈ రేటు టిక్కీకా, క్వింటాకా?" నాకు తెలీదు! టిక్కీ అంటే నలభై కేజీల పైమాట, క్వింటా అంటే వంద, అంటే నేను రాసింది సగానికి సగం తప్పయ్యే అవకాశం ఉందన్నమాట. సిగ్గేసి మర్నాడు మళ్ళీ వెళ్ళి తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్కల చీటీ, అడిగి చూశా. అందులో తూకం, రేటు, కమీషన్, హమాలీ అన్నీ ఉన్నాయి, అది చదవడానికి నా బీకాం బాగానే పనికొచ్చింది. చివరికి పేపర్లో వచ్చింది పదకొండు లైన్లు, పేరు లేదు, ఎర్రబంగారం కూడా లేదు. ఆ కటింగ్ ఇప్పటికీ నా దగ్గరుంది.

కాబట్టి నీ అకౌంట్స్‌ని వదులుకోకు, కార్పొరేషన్ బడ్జెట్ చదివి అర్థం చేసుకునే రిపోర్టర్లు చాలా తక్కువమంది, నిజంగా. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టి చూడు, ఊళ్ళో పంచాయతీకైతే ఫీజే లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక చిన్న వార్త తీసుకుని తెలుగులో రాయి, ఎందుకంటే పేపర్లవాళ్ళ జర్నలిజం స్కూళ్ళ ఎంట్రన్సుల్లో అనువాదం దగ్గరే ఎక్కువమంది తేలిపోతారు, మాటకి మాట పెట్టేసి. టైపింగ్ కూడా ఇప్పుడే నేర్చుకో, ఫోన్లో వేలితో రాసే అలవాటు డెస్కులో పనికిరాదు. డిగ్రీ అయ్యాక కోర్సు కావాలనిపిస్తే నాగార్జున యూనివర్సిటీలో జర్నలిజం పీజీ ఉంది, బీకాంతో చేరొచ్చు, మీ ఇంటి నుంచే బస్సులో వెళ్ళిరావచ్చు.

ఒకటి మాత్రం జాగ్రత్త. కంట్రిబ్యూటర్‌గా, అంటే జీతం లేని ఊరి విలేకరిగా, తీసుకుంటాం అని ఎవరైనా పిలిస్తే లైన్ అకౌంట్, అదే అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే డబ్బు, ఎంతో, యాడ్స్ టార్గెట్ ఉందో లేదో ముందే అడుగు. నేను మొహమాటపడి అడగలేదు, ఆగస్టు 15కి యాడ్లు తెమ్మన్నారు, మా బాబాయి కొట్టుకి ఒకటి వేయించి ఆ డబ్బు నేనే కట్టుకున్నా. ఆ పేపరేదో చెప్పను, వదిలెయ్.

వార్త ఎక్కడ దొరుకుతుంది అంటావా, సోమవారం కలెక్టరేట్‌కి వెళ్ళు. అర్జీలు పట్టుకుని లైన్లో నిలబడ్డవాళ్ళ పక్కన కూర్చుని ఏమైందమ్మా అని అడిగితే చాలు, కాగితం వాళ్ళే చేతికిస్తారు. ఒకే ఊరి నుంచి ఒకే సమస్య మీద ముగ్గురొచ్చారంటే అది రాసుకో, ఆ ఊరెళ్ళు. పదింటికల్లా ఉండాలి సుమా, మధ్యాహ్నం బువ్వ టైముకి లైను పల్చబడిపోతుంది. యార్డుకైతే శని, ఆదివారాలు వెళ్ళకు, సెలవు.