ఓడ ఒడ్డునే ఉంది కదా, అంత పనేముంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
(జవాబులు ఇస్తున్నవారు నౌకాదళంలో ఇంజనీరింగ్ అధికారిగా పనిచేసి రిటైరై, తిరుపతిలో స్థిరపడ్డారు.)

ప్రశ్న: అయ్యా, మా పెద్దబ్బాయి నేవీలో లెఫ్టినెంట్ కమాండర్. విశాఖపట్నంలో ఓడ మీద ఇంజనీరింగ్ పని. ఓడ త్వరలో చాలాకాలం బయటికి పోతుందని మాత్రం చెప్పినాడు. ఎక్కడికి, ఎప్పుడు అంటే ‘అడగొద్దమ్మా’ అంటాడు. కొన్నాళ్లుగా పగలు ఫోన్ చేస్తే ఎత్తడు. రాత్రి పదకొండు దాటినాక తనే చేసి, రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు. కోడలికి ఇప్పుడు ఎనిమిదో నెల, తిరుపతిలో పుట్టింట్లో ఉంది. సీమంతానికి ఒక్క పూట వచ్చి, పేరంటాళ్లు ఇంకా ఉండగానే కుర్చీలో కూర్చుని నిద్రపోయినాడు. “ఓడ ఒడ్డునే ఉంది కదా వదినా, అంత పనేముంది?” అని వియ్యపురాలు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మావాడు ఏమన్నా దాస్తున్నాడా? వాడు పోయేలోగా కొండకు తీసుకుపోయి మొక్కు తీర్చాలని నా ఆశ. అదైనా కుదురుతుందా?
– ఓ తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఏదో దాస్తున్నాడని నాకు అనిపించడం లేదు. సీమంతంలో కుర్చీలోనే నిద్రపోయాడంటే ఎంత అలసటలో ఉన్నాడో తెలుస్తూనే ఉంది. ముందు మీ వియ్యపురాలి ప్రశ్నకే జవాబు చెబుతాను. సముద్రం లేని చిత్తూరులో ఎవరికైనా వచ్చే సందేహమే అది.

ఓడ ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడే పని ఎక్కువమ్మా. బయల్దేరాక రోజు ఒక పద్ధతిలో పడుతుంది. సాధారణంగా నాలుగు గంటల వాచ్ (కాపలా డ్యూటీ వంతు) ఉంటుంది, ఆ తర్వాత తన విభాగం పని, తిండి, నిద్ర. అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా నిలబడే మిడిల్ వాచ్ కష్టమే కానీ, ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో ముందే తెలుస్తుంది. బయల్దేరక ముందు పనికి ఆ హద్దు ఉండదు. మీ వియ్యపురాలిది తిరుపతే కాబట్టి, ఇలా చెప్పండి: బ్రహ్మోత్సవాలు చూసేవాళ్లకు ధ్వజారోహణంతో మొదలవుతాయి, చేసేవాళ్లకు ఎన్నో వారాల ముందే మొదలవుతాయి.

ఇంజనీరింగ్ అధికారి రోజు ఎలా గడుస్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. సముద్రపు నీటిని లాగే పంపు ఒకటి కారుతోందనుకోండి. చూడటానికి చిన్న లీకు, కింద బకెట్ పెడితే సరిపోయేలా ఉంటుంది. కానీ ఆ నీళ్లు పోయేది ఏసీ ప్లాంటును చల్లబరచడానికి. ఏసీ ప్లాంటు తయారుచేసే చల్లటి నీళ్లు మనుషుల కోసమే కాదు, రాడార్లు, ఆయుధాలను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెల్లోకీ వెళతాయి. పంపు ఆపితే ప్లాంటు ఆగుతుంది, ప్లాంటు ఆగితే రాడార్ పరీక్ష ఆగుతుంది. ఆయుధాల విభాగం అధికారి వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. లీకు ఆపే సీలు (రబ్బరు రింగులాంటి భాగం) మార్చాలంటే స్పేరు కావాలి. అది ఓడ స్టోర్‌లో లేకపోతే డిపోకు రాయాలి, అక్కడా లేకపోతే డాక్‌యార్డ్‌లో చేయించాలి. విప్పి, బిగించి, నడిపి చూసి, సంతకం పెట్టాలి. ఇదంతా పూర్తికాక ముందే జెనరేటర్ ఒకటి ట్రిప్ అయిందని కింద నుంచి కబురొస్తుంది. అప్పుడు మీ అబ్బాయి జేబులో ఫోన్ మోగినా వినపడదు. వినపడినా చేతులు గ్రీజులో ఉంటాయి.

ఓడ రేవులో ఉన్నప్పుడు కరెంటు ఒడ్డు నుంచే తీసుకుంటుంది. బయల్దేరే ముందు సొంత జెనరేటర్ల మీదికి మారాలి. ప్రధాన ఇంజన్లను మొదట ఓడ కట్టేసి ఉండగానే నడిపి చూస్తారు, తర్వాత సముద్రంలోకి తీసుకెళ్లి పూర్తి వేగంతో పరుగెత్తిస్తారు. అందులో ఏదైనా తేడా కనిపిస్తే వెనక్కి వచ్చి మళ్లీ మొదలు. సముద్రం మధ్యలో మెకానిక్ షెడ్డు ఉండదు కాబట్టి, ఆ కొన్ని నెలల్లో ఏది చెడిపోవచ్చో ఇప్పుడే ఊహించి స్పేర్లు ఎక్కించుకోవాలి. నన్ను అడిగితే అన్నిటికన్నా నిద్ర చెడగొట్టే పని అదే. లిస్టు మూసి పడుకున్నాక మరో వస్తువు గుర్తొస్తుంది.

ఇదంతా యంత్రాల సంగతి. మనుషుల సంగతి వేరే ఉంది. మీ అబ్బాయి కింద పనిచేసే నావికులకు ఇంట్లో ఏ ఇబ్బంది వచ్చినా ముందు తమ అధికారి దగ్గరికే వస్తారు. ఒకరి నాన్నకు ఆపరేషన్, ఒకరి చెల్లెలి పెళ్లి, ఒకరి ఇంటి లోను. ఓడ వెళ్లే ముందు అందరికీ సెలవు కావాలి, అందరినీ ఒకేసారి పంపలేరు. ఎవరిని పంపాలి, ఎవరిని ఆపాలి అన్నది కూర్చుని తేల్చాలి. తన భార్య ఎనిమిదో నెలలో ఉన్నా, వేరొకరి భార్య కాన్పు కోసం ఇంకో నావికుడికి సెలవు ఇచ్చి తను ఉండిపోయే అధికారులను నేను దగ్గర నుంచి చూశాను. మీ అబ్బాయి విషయంలో అదే జరిగిందని చెప్పడం లేదు. జరిగి ఉంటే మాత్రం అతను ఆ మాట మీకు చెప్పడు.

పైగా వంతు ప్రకారం ‘ఆఫీసర్ ఆఫ్ ద డే’ డ్యూటీ వస్తుంది. ఆ ఇరవై నాలుగు గంటలూ ఓడ భద్రత అతని బాధ్యత. రాత్రి రౌండ్లు తిరగాలి, పోటు పాటులకు ఓడ లేస్తూ దిగుతూ ఉంటే కట్టిన తాళ్లు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. తెల్లవారితే మామూలు పని మామూలే. మందుగుండు ఎక్కించే రోజైతే ఇంకా జాగ్రత్త. పగలు ఎర్ర జెండా, రాత్రి ఎర్ర దీపం పెడతారు. చుట్టుపక్కల బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు, వెల్డింగ్ ఆగిపోవాలి. అప్పటికి మన వెల్డింగ్ పని సగంలో ఉంటే అది మర్నాటికి వాయిదా పడుతుంది, మర్నాటి పని రాత్రి చేయాల్సి వస్తుంది.

వీటన్నిటి మీద ‘వర్కప్’ ఉంటుంది. సీ ట్రైనింగ్ బృందం ఓడ ఎక్కి సిబ్బందిని పరీక్షిస్తుంది. అర్ధరాత్రి అలారం మోగుతుంది: ఇంజన్ రూములో మంట, పొగ, ఒక వైపు నుంచి నీళ్లు వస్తున్నాయి, స్టీరింగ్ పనిచేయడం లేదు, మనిషి సముద్రంలో పడ్డాడు. అన్నీ కల్పించినవే అయినా ఉరుకులు మాత్రం నిజమైనవి. శ్వాస పరికరం తగిలించుకుని, గొట్టం పట్టుకుని, నిచ్చెనల మీంచి కిందికి దిగాలి. చెక్క బిరడాలు, దుంగలు పెట్టి చిల్లు మూయాలి. ఆలస్యమైతే మళ్లీ చేయిస్తారు. సరిగా వచ్చేదాకా ఓడకు సెలవు దొరకదు. ఇది కఠినమని కొందరంటారు, నేను అనను. నిజంగా మంట అంటుకున్న రోజున నేర్చుకునే సమయం ఉండదు.

ఇంత తయారీ ఎందుకంటే, వెళ్లే చోట ఏం ఎదురవుతుందో ముందే తెలియదు. సముద్రపు దొంగల బెడద వల్ల యెమెన్, సోమాలియాల మధ్య ఉన్న గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మన యుద్ధనౌకలు 2008 అక్టోబర్ నుంచి గస్తీ కాస్తున్నాయి. 2024 మార్చిలో ఎంవీ రుయెన్ అనే సరుకు ఓడను దొంగల చేతుల్లోంచి విడిపించడానికి ఐఎన్‌ఎస్ కోల్‌కతా దాదాపు 40 గంటలు వెంటబడింది. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. అప్పుడు కమాండోలను టీవీల్లో చూపించారు, చూపించాల్సిందే. ఆ 40 గంటలూ ఇంజన్లు ఆగకుండా నడిచాయి చూడండి, నా మనసు అక్కడికే పోతుంది. రేవులో ఎవరో నిద్ర మానుకుని చేసిన పని అది.

ఫోన్ సంగతి. 2019 డిసెంబర్‌లో గూఢచర్యం కేసు బయటపడ్డాక యుద్ధనౌకల మీద, నౌకాదళ స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ వాడకూడదని ఆంక్షలు పెట్టారు. పని చోట అతని చేతిలో ఫోన్ ఉండకపోవడంలో వింత లేదు. తేదీ, దారి చెప్పకపోవడం మీ మీద నమ్మకం లేక కాదు. మీరు కూడా ‘మావాడి ఓడ ఫలానా రోజు పోతోంది’ అని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, దయచేసి. సముద్రంలోకి వెళ్లాక కొన్ని రోజులు కబురే ఉండకపోవచ్చు. పని అవసరం కొద్దీ ఓడలు సమాచారాలు ఆపేస్తుంటాయి. ఆ మౌనాన్ని చెడ్డ వార్తగా తీసుకుని టెన్షన్ పడొద్దు.

ఇక ఇంటి నుంచి మీరేం చేయాలి. ‘ఎప్పుడొస్తావు’ అన్న ప్రశ్న ఆపేయండి. దానికి అతని దగ్గర జవాబు లేదు, విన్న ప్రతిసారీ బాధపడతాడు. దాని బదులు తేల్చాల్సినవి ఒక్కొక్కటిగా అడగండి. కాన్పు ఏ ఆసుపత్రిలో? విశాఖలో నౌకాదళ ఆసుపత్రి కల్యాణి ఉంది కానీ, కోడలు తిరుపతిలో ఉంది కాబట్టి ఆమె చూపించుకుంటున్న డాక్టరు దగ్గరే అని ఇప్పుడే ఖాయం చేసుకోండి. రక్తం అవసరమైతే ఎవరు ఇస్తారు, డబ్బు ఏ ఖాతాలోంచి తీయాలి, డిపెండెంట్ కార్డు, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయి, అర్ధరాత్రి కారు ఎవరిది. ఇవి మీరూ వియ్యపురాలూ కూర్చుని రాసి, ‘ఇదిగో నాయనా, ఇలా అనుకున్నాం’ అని చదివి వినిపించండి. అవును, కాదు అని చెప్పడానికి అతనికి రెండు నిమిషాలు చాలు. అన్నీ తనే ఆలోచించాలంటే మాత్రం ఆ తల ఇప్పుడు ఖాళీగా లేదు.

కాన్పు తేదీ ఓడ కెప్టెన్‌కు చెప్పాడా అని తప్పకుండా అడగండి. కింది వాళ్ల సెలవుల కోసం గట్టిగా మాట్లాడే అధికారులు తమ విషయానికి వచ్చేసరికి నోరు మెదపరు. కెప్టెన్‌కు ముందే తెలిస్తే కబురు చేరవేసే ఏర్పాటైనా ఉంటుంది. అత్యవసరమైతే ఒడ్డున ఎవరికి ఫోన్ చేయాలో ఒక నంబరు కాగితం మీద రాయించుకోండి, ఒకటి మీ దగ్గర, ఒకటి కోడలి దగ్గర. ఉత్తరాలు పంపాలంటే ఓడ పేరు రాసి ‘కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్’ అని ఆ ఊరి పేరుతో రాయాలి. అడ్రసు అతన్నే అడగండి. చేరడానికి ఆలస్యమవుతుంది కాబట్టి తినే వస్తువులు పోస్టులో కాకుండా ముందే చేతికి ఇవ్వండి. ఊరగాయ, నిప్పట్లు పర్వాలేదు. ఓడలో తాజా కూరగాయలు కొన్ని రోజులే ఉంటాయి, ఆ తర్వాత ఇంటి పచ్చడి డబ్బా వార్డ్‌రూమ్ (అధికారులు భోంచేసే గది) బల్ల మీద పెడితే అందరి చేతులూ దాని మీదే.

కొండకు తీసుకుపోవాలన్న ఆశ నాకు అర్థమవుతుంది. కానీ తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి రావడం, దర్శనం, మళ్లీ ఒక రాత్రి పోవడం అంటే అతనికి దొరికే ఆ కాస్త విరామం మొత్తం ప్రయాణానికే పోతుంది. మొక్కు వచ్చాక తీర్చుకోవచ్చు, బిడ్డ పుట్టువెంట్రుకలు కూడా అప్పుడే ఇవ్వచ్చు. ఒక్క రోజు దొరికి వస్తే కోడలి దగ్గర కూర్చోనివ్వండి. నిద్రపోతే లేపకండి.

ప్రశ్న: సార్, మాది తిరుపతి. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. నేవీకి అప్లై చేద్దామని ఉంది. ఓడ మీద పని ఆడపిల్లలు తట్టుకోలేరని మా మామయ్య అంటున్నాడు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: నిజం కాదమ్మా. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖపట్నం నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య. పడవ పొడవు దాదాపు 17 మీటర్లు. దక్షిణ సముద్రాల్లో తుపానులు దాటారు, స్టీరింగ్ చెడిపోతే మారిషస్‌లో ఆగి బాగుచేసుకుని మళ్లీ బయల్దేరారు. మీ మామయ్యకు ఇది చెప్పు. అంతకన్నా ముఖ్యంగా, బయల్దేరే ముందు వాళ్లు ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్నారని, వేరే పడవ మీద దూరప్రయాణాలు చేసి అనుభవం సంపాదించారని కూడా చెప్పు. నౌకాదళ మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా అధికారిగా కొనసాగే అవకాశం) ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తీర్పు ఇచ్చింది.

ఎంపికైతే కేరళలోని ఎళిమల అకాడమీలో శిక్షణ ఉంటుంది. అక్కడ ఈత తప్పదు. మన ఊళ్లో పెరిగిన పిల్లలకు నీళ్లతో పరిచయం తక్కువ. నీకు ఈత రాకపోతే ఫలితాల కోసం ఆగకుండా ఈ నెలలోనే నేర్చుకోవడం మొదలుపెట్టు. పొద్దున్నే పరుగు కూడా.