టెక్ సందేహాలు: రికార్డింగ్ కాల్‌ని బ్లాక్ చేసి ఊరుకోకండి

ప్రశ్న: డీఎన్‌డీ (ప్రచార కాల్స్ వద్దని చెప్పే సదుపాయం) పెట్టుకున్నా రోజూ మామూలు పది అంకెల నంబర్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఎత్తగానే రెండు క్షణాలు ఏమీ వినపడదు. తర్వాత ‘శంషాబాద్‌కి 20 నిమిషాల్లో మా కొత్త వెంచర్...’ అంటూ రికార్డింగ్ మొదలవుతుంది. బ్లాక్ చేసిన కొద్దీ కొత్త నంబర్లు వస్తున్నాయి. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: బ్లాక్ చేస్తే ఆ నంబరు బెడద మీకొక్కరికే తప్పుతుందండి. మిగతా వాళ్లకి మోగుతూనే ఉంటుంది, మీకేమో ఇంకో నంబరు నుంచి వస్తుంది. అసలు అటువైపు మనిషి లేడు, ఉన్నది ఆటో డయలర్ అనే సాఫ్ట్‌వేర్. నంబర్ల జాబితా ఇస్తే చాలు, వరసపెట్టి డయల్ చేసుకుంటూ పోతుంది. ఆఫీసుల్లో వాడే పీఆర్‌ఐ లైన్ ఒక్కదాని మీదే ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి. ఫోన్ ఎత్తింది ఎవరో కనిపెట్టి, వాళ్లకి రికార్డింగ్ వినిపించడానికో, ఖాళీగా ఉన్న ఉద్యోగికి కలపడానికో దానికి కాస్త టైమ్ కావాలి. మీకు మొదట ఏమీ వినపడకపోవడానికి కారణం అదే.

ఈ పని మామూలు పది అంకెల నంబరు నుంచి చేయడమే నిబంధనలకు విరుద్ధం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలను 2025 ఫిబ్రవరిలో సవరించి ఇంకా బిగించింది. ప్రచారం కోసం చేసే కాల్ 140తో మొదలయ్యే నంబరు నుంచి రావాలి. లావాదేవీలకూ సర్వీసుకూ సంబంధించిన కాల్స్ అయితే 1600 సిరీస్ నుంచి రావాలి. ఆటో డయలర్‌తో గానీ రోబో కాల్స్‌తో (మనిషి లేకుండా యంత్రమే మాట్లాడే కాల్స్) గానీ ఫోన్లు చేసేవాళ్లు ఆ సంగతి టెలికాం కంపెనీకి ముందే చెప్పాలి.

అందుకే ముందు ఫిర్యాదు చేయండి, బ్లాక్ చేయడం తర్వాత. 1909కి ఫోన్ చేసి చెప్పొచ్చు. లేదా కాల్ దేని గురించో ఒక ముక్క, కామా, కాల్ వచ్చిన నంబరు, కామా, తేదీ టైప్ చేసి 1909కే ఎస్సెమ్మెస్ పంపొచ్చు. ట్రాయ్ డీఎన్‌డీ యాప్ ఉంటే అందులోంచీ చేయొచ్చు. ఇదివరకు కాల్ వచ్చిన మూడు రోజుల్లోపే ఫిర్యాదు తీసుకునేవారు, ఇప్పుడు ఏడు రోజుల గడువుంది. ఇలా ప్రచార కాల్స్ కోసం రిజిస్టర్ కాని నంబర్ల మీద ఫిర్యాదు చేయడానికి మీ ఫోన్‌లో డీఎన్‌డీ ఉండాల్సిన పని కూడా లేదు.

ఒకే వ్యాపారి మీద పది రోజుల్లో అయిదు ఫిర్యాదులు వస్తే టెలికాం కంపెనీ చర్య మొదలుపెట్టాలి. పాత లెక్క ఏడు రోజుల్లో పది. తప్పు తేలితే మొదటిసారి 15 రోజుల పాటు అవుట్‌గోయింగ్ బంద్. మళ్లీ చేస్తే అన్ని కంపెనీల్లోనూ ఆ వ్యాపారి కనెక్షన్లు ఏడాది పాటు కట్. ఈ సవరణల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది ఆ అయిదు అంకె. ఒక అపార్ట్‌మెంట్‌లో కాల్ వచ్చినవాళ్లు అయిదుగురు కలిసి కదిలితే సరిపోతుంది. మీ వాట్సాప్ గ్రూపులో ఈ మాట చెప్పండి.

ప్రశ్న: బ్యాంకు వాళ్లు స్వయంగా మాట్లాడితే పర్వాలేదు, రికార్డింగులే వద్దు. అలా కుదురుతుందా? – రాజమహేంద్రవరం

జవాబు: భేషుగ్గా కుదురుతుంది. డీఎన్‌డీ అంటే అన్నీ ఆపేయడమే అనుకుంటారు చాలామంది. బ్యాంకింగ్, రియల్ ఎస్టేట్, విద్య, ఆరోగ్యం ఇలా విషయాన్ని బట్టి, రోజును బట్టి, వేళను బట్టి ఎంచుకోవచ్చు. మామూలు కాల్స్, రికార్డింగ్ వినిపించే ఆటో డయలర్ కాల్స్, రోబో కాల్స్ వేటికవే ఆపుకోవచ్చు కూడా. అయితే ఏదో ఫారంలో మీరు ఒక సంస్థకి అనుమతి ఇచ్చి ఉంటే డీఎన్‌డీ ఉన్నా ఆ సంస్థ కాల్ చేయొచ్చు. ఆ అనుమతిని వెనక్కి తీసుకోండి. తీసుకున్నాక 90 రోజుల దాకా మళ్లీ అడగకూడదు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇన్సూరెన్స్ కాల్స్‌లో గొంతు అచ్చం మనిషిలానే ఉంటోంది కానీ ఏఐ అని అనుమానం. ఇక్కడి చట్టం దానికీ వర్తిస్తుందా?

జవాబు: వర్తిస్తుంది. ఫోన్ ప్రచారాన్ని కట్టడి చేసే 1991 నాటి టీసీపీఏ చట్టం ప్రకారం, మీ స్పష్టమైన ముందస్తు అనుమతి లేకుండా మొబైల్‌కి అమ్మకాల రికార్డింగ్ కాల్ చేయకూడదు. 2024 జనవరిలో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీకి (పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్) ముందు, బైడెన్ గొంతుని ఏఐతో అనుకరించి ఓటర్లకి ఫోన్లు చేశారు. ఆ మరుసటి నెలలోనే అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, ఏఐ గొంతు కూడా ఈ చట్టం కిందికే వస్తుందని తేల్చి చెప్పింది. ఆ కాల్స్ వెనకున్న రాజకీయ సలహాదారుకి 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అక్కడ మీరే కోర్టుకెళ్లి కాల్‌కి 500 డాలర్లు, కావాలనే చేశారని తేలితే 1,500 డాలర్ల వరకూ అడగొచ్చు. ట్రాయ్ నిబంధనల్లో కాల్ అందుకున్నవాళ్లకి ఇలాంటి పరిహారం లేదు. ఉండి తీరాలన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: ‘ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ సిమ్ కట్ అవుతుంది, 9 నొక్కండి’ అని రికార్డింగ్ వచ్చింది. నాన్నగారు టెన్షన్ పడి నొక్కేశారు. – గుంటూరు

జవాబు: ట్రాయ్ ఎవరి సిమ్మూ కట్ చేయదు, అలా ఫోన్లూ చేయదు. తొమ్మిది నొక్కినంత మాత్రాన డబ్బేమీ పోదు. ఆ తర్వాత లైన్‌లోకి వచ్చేవాడు ఆధార్, ఓటీపీ అడుగుతాడు, పోలీసు కేసని బెదిరిస్తాడు. నాన్నగారు అతనితో ఏమేం చెప్పారో కంగారు పెట్టకుండా నిదానంగా అడగండి. ఏమీ చెప్పకపోతే టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో, అనుమానాస్పద కాల్స్ గురించి చెప్పడానికి ఉన్న చక్షు విభాగంలో ఆ నంబరు నమోదు చేయండి, చాలు. బ్యాంకు వివరాలు చెప్పి ఉంటే వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము వేరే ఖాతాలకి మళ్లకుండా ఆపే వీలు అంత ఎక్కువ.