బ్లౌజులు కుట్టడం వచ్చినవాళ్ళు ఇంట్లో ఉన్ని కోటు కుట్టగలరా?

బ్లౌజులు, చుడీదార్లు కుట్టడం వచ్చు, ఇంట్లో ఉన్న మామూలు మిషన్ మీద చలికోటు కుట్టగలనా అని అడిగారు. తప్పకుండా కుట్టగలరు. మా అమ్మాయి చదువుకి జర్మనీ వెళ్ళేటప్పుడు నేను కాలి మిషన్ మీదే కుట్టిచ్చాను. రాత్రి వంటపని అయ్యాక కూర్చుంటే మూడు వారాలు పట్టింది.

ముందు ఆది సంగతి. బ్లౌజుకి ఒంటికి పట్టినది ఆది పెట్టుకుంటాం. కోటు లోపల స్వెట్టర్ ఉంటుంది కాబట్టి ఆ లెక్క పనికిరాదు. నేను అమ్మాయి టాప్ ఆది పెట్టి, పాత దుప్పటి కత్తిరించి, కచ్చాకుట్లు వేసి స్వెట్టర్ మీద తొడిగించాను. ముందు భాగం మూసుకుంది గానీ, బస్సులో పైకడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తమంటే ఎత్తలేకపోయింది. చంక కిందికి దింపితే ఇంకా పాడైంది, చెయ్యితో పాటు కోటంతా పైకి లేచింది. చివరికి చంకని మళ్ళీ పైకి తెచ్చి, వీపు అడ్డం ఒకటిన్నర అంగుళం, చేతి పైభాగం ఒక అంగుళం పెంచితే కుదిరింది. ఇదంతా దుప్పటి మీద కాబట్టి అతుకులు వేసుకుంటూ సరిచేసుకోగలిగాను. మీరూ స్వెట్టర్ మీదే ఛాతీ కొలత తీసుకుని, నాలుగు అంగుళాలు లూజు కలిపి, ముందు పాత గుడ్డ మీద కుట్టి చూడండి.

గుడ్డ సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొన్నాను. షాపాయన అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించారు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, వేళ్ళతో నలిపితే బూడిదైపోయింది. అది ఉన్ని. పక్క తానులోని పోగు కరిగి గట్టి పూసలా అయింది. అది పాలిస్టర్. మోకాళ్ళ దాకా కోటుకి 58 అంగుళాల పన్నా గుడ్డ దాదాపు మూడు మీటర్లు పడుతుంది. కత్తిరించే ముందే తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసి ఆరనివ్వండి. కుంచించుకునేదేదో అప్పుడే కుంచించుకుంటుంది.

మిషన్‌కి 16 నంబరు సూది, పాలిస్టర్ దారం, కాస్త పొడుగు కుట్టు. మడతలు ఎక్కువైన చోట చక్రం చేత్తో తిప్పుకోండి, సూది విరగదు.

అసలు పనంతా ఇస్త్రీలో ఉంది. ప్రతి కుట్టూ వేసిన వెంటనే లోపలి మార్జిన్లని రెండు పక్కలకీ విడదీసి, తడి నూలుగుడ్డ వేసి, పెట్టెని రుద్దకుండా పైనుంచి అదిమి తీయాలి. ఆవిరి వస్తుండగానే చపాతీ పీట బోర్లించి, చల్లారేదాకా నొక్కి పట్టుకునేదాన్ని. కుట్టు పలకలా అణిగిపోతుంది. కాలరు అంచుల్లో లోపలి మార్జిన్లని ఒకదానికంటే ఒకటి తక్కువగా, మెట్లు మెట్లుగా కత్తిరిస్తే ఉబ్బు రాదు.

చెయ్యి అతకడానికి నేను రెండుసార్లు విప్పాను. చేతి పైగుండ్రం చంక రౌండు కంటే అంగుళం పైనే ఎక్కువ ఉంటుంది. రెండు వరసలు పొడుగు కుట్లు వేసి, దారం మెల్లగా లాగి, చుట్టిన తువ్వాలు మీద పెట్టి ఆవిరి పట్టించండి. ముడతలు కళ్ళెదుటే మాయమవుతాయి. నూలు బ్లౌజులకి ఉబ్బు చేతులు కుట్టిన నాకు ఉన్ని ఇలా మాట వింటుందని అప్పుడే తెలిసింది.

లైనింగ్‌కి వీపు మధ్యలో ఒక అంగుళం మడత వదలండి. లేకపోతే చేతులు ముందుకి చాచినప్పుడు చిరుగుతుంది. కాజాలు మాత్రం నేను బయట కాజా మిషన్ ఉన్న టైలర్ దగ్గర వేయించాను. అంత మందం మీద ఇంట్లో ప్రయత్నించమని మీకూ చెప్పను.

ఒక్క మాట, మంచు బాగా కురిసే రోజులకి ఈ కోటు ఒక్కటే చాలదు. మా అమ్మాయి అక్టోబరులో, మార్చిలో వేసుకుంటుంది, నడి చలికాలంలో దూది జాకెట్ వేసుకుంటుంది.

పాత గుడ్డతో కుట్టి తొడిగి చూశాక ఎక్కడ పట్టేస్తోందో, భుజం దగ్గరో వీపు దగ్గరో, ఇక్కడే రాయండి. ఏం మార్చాలో చెప్తాను.