నత్తల గుల్ల గట్టిపడాలంటే

చిరంజీవి రవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు జాగ్రత్తగా చూశాను. మిస్టరీ నత్తల గుల్లపై చుట్లు మొదలయ్యే చోట తెల్లటి గుంటలు పడడం, నోటి దగ్గర అంచు కాగితంలా పలచబడి విరిగిపోవడం కాల్షియం చాలడం లేదనడానికి గుర్తులు. ఇంట్లో తాగడానికి వాడే ఆర్‌వో నీళ్లే అక్వేరియంలోనూ పోస్తున్నానని రాశావు కదా, కారణం చాలావరకు అక్కడే ఉంది. ఆర్‌వో యంత్రం కాల్షియం, మెగ్నీషియం లవణాలను దాదాపు పూర్తిగా తీసేస్తుంది. పైగా నీటి పీహెచ్ 7 కంటే దిగితే, గుల్లలోని కాల్షియం కార్బొనేట్ కూడా కొద్దికొద్దిగా కరిగిపోతుంది. చుట్ల కొన అన్నిటికన్నా పాత భాగం కనుక దెబ్బ ముందుగా అక్కడే కనిపిస్తుంది.

కాబట్టి ఏదైనా కొనే ముందు నీటిని పరీక్షించు. పీహెచ్ 7.2 నుంచి 8 మధ్య, జీహెచ్ (అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల కొలత, నీటి కాఠిన్యం) 8 డిగ్రీలు, ఆపైన ఉంటే ఈ నత్తలకు సరిపోతుంది. నీ దగ్గరున్న గప్పీలు, మోలీలు కూడా కఠినజలాన్నే ఇష్టపడతాయి కనుక రెండింటికీ పేచీ లేదు. అదే మృదుజలం కోరే డిస్కస్ చేపలైతే నత్తలను వేరే తొట్టెలో పెంచుకొమ్మని చెప్పేవాణ్ణి. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు కఠినంగా ఉంటే, వారం వారం నీళ్లు మార్చేటప్పుడు ఆర్‌వో నీటిలో కొంత కొంత కలుపుతూ రావడమే అన్నిటికన్నా చవకైన మార్గం.

దానితోపాటు కటిల్‌బోన్, అంటే కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లో ఉండే కాల్షియం పెంకు, వెయ్యి. పక్షుల మేత అమ్మే షాపుల్లో దొరుకుతుంది. మూలికల దుకాణంలో సముద్రపు నురుగు అని అడిగినా ఇస్తారు. బొటనవేలంత ముక్కను పది నిమిషాలు మరిగించు, లేకపోతే రోజుల తరబడి పైనే తేలుతుంది. ఇది ఆమ్లగుణం ఉన్న నీటిలో త్వరగా, పీహెచ్ పెరిగేకొద్దీ నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి మోతాదు మించుతుందన్న భయం తక్కువ. నత్తలు దాని మీదికెక్కి గీరుకుని తింటాయి, ఆ గీతలు నీకే కనిపిస్తాయి. కోడిగుడ్డు పెంకు కూడా పనికొస్తుంది గానీ, లోపలి పొర తీసి, మరిగించి, పొడి చేసి గుడ్డలో కట్టి ఫిల్టర్ దగ్గర ఉంచినా చాలా నిదానంగా కరుగుతుంది.

ఒక్క హెచ్చరిక. కాల్షియమే కదా అని తాంబూలంలో వేసుకునే సున్నం మాత్రం నీటిలో కలపవద్దు. అది తీవ్రమైన క్షారం, పీహెచ్‌ను ఒక్కసారిగా పెంచి చేపలను చంపేస్తుంది. మంచి పదార్థమైనా సరే, ఒకే రోజులో పీహెచ్ పెంచకూడదు. పాత తొట్టెలో పేరుకున్న అమ్మోనియం అలాంటప్పుడు విషపూరితమైన అమ్మోనియాగా మారుతుంది.

ఇక మేత సంగతి. చేపలు ముందే ఎగబడి తినేస్తాయి కనుక, రాత్రి లైటు ఆర్పిన తర్వాత నత్తలకు వెయ్యి. ఉడికించిన బీన్స్ మంచివి. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటబట్టనివ్వవు, అందుకని దాని మీద ఆధారపడకు. ఓపిక ఉంటే, బీన్స్, క్యారెట్ ఉడికించి రుబ్బి, చేపల మేత, చిటికెడు కటిల్‌బోన్ పొడి కలిపి, చైనాగ్రాస్‌తో గడ్డకట్టించి, ముక్కలు కోసి ఫ్రీజర్‌లో దాచుకో. తెల్లారి మిగిలినది తీసెయ్యి, లేకపోతే నీళ్లు పాడవుతాయి.

ఇప్పటికే పడిన గుంటలు పూడవు, వాటిని చూసి దిగులుపడకు. నోటి అంచున కొత్తగా పెరిగే పట్టీ నున్నగా, మందంగా వస్తున్నదా లేదా అన్నదే చూడు. నెల రోజుల తర్వాత ఆ భాగం దగ్గరగా ఫోటో తీసి పంపు. అయితే అద్దానికి అతుక్కున్న నత్తను లాగకుండా, మెల్లగా పక్కకు జరిపి తియ్యి. ఆ కొత్త అంచు ఇంకా లేతగానే ఉంటుంది.

ఇట్లు,
మీ పెదనాన్న