షుగర్ మీటర్ లాంటిది చెరువుకు లేదా?

ప్రశ్న: మా చేపల చెరువుకు ఊరి మురుగు కాలువ నీళ్లు తగులుతున్నాయి. ఆ నీళ్లలో గర్భనిరోధక మాత్రల హార్మోన్లు ఉంటాయని, చేపలకు దెబ్బని మా అబ్బాయి భయపెడుతున్నాడు. చుక్క రక్తంతో షుగర్ చెప్పే మీటర్ ఉంది కదా, దీనికీ అలాంటిది దొరకదా?
– ఒక చేపల రైతు, కైకలూరు

జవాబు: మీవాడి భయం ఉత్తది కాదు. కెనడాలో 260వ నంబరు సరస్సులో 2001 నుంచి మూడు వేసవులు ఆ మాత్రల్లో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్‌ను కావాలనే కలిపి చూశారు. లీటరుకు 5, 6 నానోగ్రాములే. మగ చేపల ఒంట్లో గుడ్డు సొనకు పనికొచ్చే ప్రొటీన్ తయారైంది. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప అక్కడ దాదాపు కనిపించకుండా పోయింది.

ఇక మీటర్. నేనూ రోజూ పొద్దున్నే వేలు పొడుచుకునేవాణ్ణే. స్ట్రిప్ మీది ఎంజైమ్ గ్లూకోజ్ దగ్గర ఎలక్ట్రాన్లు లాగుతుంది, మీటర్ ఆ కరెంటును కొలుస్తుంది. ఈ మాత్రల హార్మోన్‌కు ఎంజైమ్ కూడా అక్కర్లేదు, కార్బన్ ఎలక్ట్రోడ్‌కు తగిన వోల్టేజీ ఇస్తే తనే ఎలక్ట్రాన్లు వదిలేస్తుంది. మొదటి చిక్కు మోతాదుతో. షుగర్ 100 అంటే లీటరుకు ఒక గ్రాము. మీరు వెతికేది నానోగ్రాముల్లో, అంటే వంద కోట్ల రెట్లు తక్కువ. 250 ఎకరాల చెరువులో మీటరు లోతు నీళ్లుంటే, అందులో ఒక్క గ్రాము!

ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లో రెండో చిక్కు నన్ను బాగా ఏడిపించింది. మొదటి రీడింగ్ బ్రహ్మాండం, రెండోది తగ్గేది, మూడోసారికి ఎలక్ట్రోడ్ మొద్దుబారేది. ఎలక్ట్రాన్లు వదిలిన అణువులు ఒకదానికొకటి అతుక్కుని దాని మీదే పొర కడతాయి. తడి గుడ్డ మీద అల్యూమినా పొడి వేసి, ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పుతూ రుద్ది, మళ్లీ మొదలుపెట్టాలి. మధ్యాహ్నం క్యారియర్ విప్పని రోజులున్నాయి. ఇప్పుడు వాడి పారేసే స్ట్రిప్పులు వచ్చాయి. తడి సిమెంటులో కాలిముద్ర పడ్డట్టు, ఆ అణువు ఆకారంలో గుంటలున్న ప్లాస్టిక్ పొర వేసినవీ ఉన్నాయి. శుభ్రమైన నీళ్లలో బాగానే చెబుతాయి. పాచి, బురద, కోళ్ల పెంట ఉన్న చెరువులో మాత్రం వేరేవి కూడా అదే వోల్టేజీ దగ్గర కరెంటిచ్చి లెక్క తప్పిస్తాయి.

కాబట్టి కొట్లో కొనుక్కొచ్చి ముంచి చూసే స్ట్రిప్ ఇంకా లేదు. అణువులను బరువును బట్టి గుర్తుపట్టే యంత్రం, అంటే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ల్యాబ్‌కే పంపండి. నీళ్లు గాజు సీసాలో పట్టి, ఐసులో పెట్టండి. ముందు ఫోన్ చేసి, హార్మోన్లను ఎంత తక్కువ దాకా కొలవగలరో అడగండి. ఒక మైక్రోగ్రామంటే వెయ్యి నానోగ్రాములు; మైక్రోగ్రాముల్లో చెప్పారా, మీ డబ్బులు దాచుకోండి.